లోన్ ఒక్కటే, 1098లు రెండు: ఒక జంట జాయింట్ రిటర్న్ కేస్ స్టడీ

ఇది 2024 పన్ను సంవత్సరానికి సంబంధించిన కేసు. 1098 అంటే ఏడాదిలో కట్టిన ఇంటి లోన్ వడ్డీని లోన్ కంపెనీ చూపే ఫారం. క్లయింట్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాం. అంకెలు మార్చాం, కానీ లెక్క నడిచే తీరు మారకుండా చూశాం. అమెరికాలో ఇల్లు కొన్న ఏ తెలుగు జంటకైనా ఎదురయ్యే చిక్కులు ఇందులో చాలావరకు ఒకేచోట ఉన్నాయి. తప్పులన్నీ ఒకే వైపు లేకపోవడం ఈ కేసులో గమనించాల్సిన విషయం. కొన్ని తప్పులు పన్ను తగ్గించి చూపాయి, కొన్ని వీళ్లకే నష్టం చేశాయి. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ నుంచి నోటీసు వస్తుందేమోనని మొదటి రకం కోసం అందరూ వెతుకుతారు. రెండో రకం గురించి మాత్రం ఎవరూ నోటీసు పంపరు. అవి మనమే వెతికి పట్టుకోవాలి.

నేపథ్యం

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటున్న భార్యాభర్తలు. ఇద్దరూ హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. ఏడాదంతా అమెరికాలోనే ఉన్నారు కాబట్టి పన్ను లెక్కకు ఇద్దరూ రెసిడెంట్లే. పిల్లలు లేరు. భర్త డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం వివరాల ఫారం) బాక్స్ 1లో 2,15,000 డాలర్లు, అందులో 45,000 ఆర్ఎస్‌యూ షేర్ల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు) విలువ. భార్య డబ్ల్యూ-2లో 1,65,000. ఇద్దరూ రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401(కె)లో 23,000 చొప్పున పూర్తిగా కట్టారు. అమెరికా బ్యాంకుల వడ్డీ 2,400.

2023 ఆగస్టులో 13 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నారు. లోన్ 10 లక్షలు, 30 ఏళ్లకు, వడ్డీ 6.5 శాతం, నెలకు 6,320.68 వాయిదా. 2024 జూలైలో లోన్ సర్వీసింగ్ (వాయిదాలు వసూలు చేసే పని) ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారింది. అమెరికాలో ఇది రోజూ జరిగేదే. వాళ్లకు ఒక ఉత్తరం వచ్చింది, ఆటోపే మార్చుకున్నారు, అక్కడితో మర్చిపోయారు.

ఏ సమస్యతో వచ్చారు

పన్ను సాఫ్ట్‌వేర్‌లో రిటర్న్ తామే తయారు చేసుకుని, ఫైల్ చేయకుండా మార్చి చివర్లో తెచ్చారు. ఐటమైజ్డ్ డిడక్షన్ల (ఖర్చులను విడివిడిగా చూపి ఆదాయంలోంచి తీసేసే తగ్గింపుల) మొత్తం 50,812 అని, ఫెడరల్‌కు ఇంకా 16,035 కట్టాలని అది చూపిస్తోంది. ఇల్లు కొంటే రిఫండ్ వస్తుందని స్నేహితులు చెప్పారు. వడ్డీకే ఏడాదికి 64 వేల పైన కట్టాం, మళ్లీ 16 వేలు ఎందుకు బాకీ? ఇదీ వాళ్ల ప్రశ్న. విడివిడిగా ఫైల్ చేస్తే తగ్గుతుందా అన్నది రెండో ప్రశ్న.

వాళ్ల డ్రాఫ్ట్‌లో ఆ డిడక్షన్లు రాసే షెడ్యూల్ ఎ ఇలా ఉంది: రాష్ట్ర, స్థానిక పన్నులు 10,000. ఇంటి లోన్ వడ్డీ 24,312. విరాళాలు 16,500. వైద్య ఖర్చు 9,000 ఎంటర్ చేశారు గానీ సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నా చేసింది.

ముందుగా విడివిడి ఫైలింగ్ సంగతి

దీన్ని మొదటే తేల్చాం, ఎందుకంటే మిగతా లెక్కంతా దీని మీదే నిలబడుతుంది. విడిగా వేస్తే 2024కు రాష్ట్ర పన్నుల పరిమితి చెరో 5,000 అవుతుంది, లోన్ పరిమితి చెరో 3,75,000. ఒకరు ఐటమైజ్ చేస్తే రెండోవారు స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండా వచ్చే స్థిర తగ్గింపు) తీసుకోవడానికి లేదు. పైగా కాలిఫోర్నియా కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. పెళ్లయ్యాక సంపాదించిన జీతాన్ని విడి రిటర్నులలో కూడా సగం సగం పంచి ఫారం 8958 జతచేయాలి. మీ జీతం మీ రిటర్న్‌లో, నా జీతం నా రిటర్న్‌లో అనుకోవడం ఇక్కడ చెల్లదు. సగానికి పంచాక ఇద్దరూ అదే 24 శాతం శ్లాబులో పడతారు. ఎక్కువ జీతాల మీద పడే అదనపు మెడికేర్ పన్ను పరిమితి చెరో 1,25,000 కాబట్టి అదీ మారదు. ఒక్క డాలర్ కలిసిరాకుండా రెండు రిటర్నుల పని పెరుగుతుంది. జాయింట్‌గానే వేయాలని నిర్ణయించాం.

వడ్డీ 24,312 ఎలా వచ్చింది

డ్రాఫ్ట్‌లో అన్నిటికంటే అనుమానం కలిగించిన అంకె ఇదే. 2017 డిసెంబర్ 15 తర్వాత తీసుకున్న లోన్ అయితే 7,50,000 అసలు వరకే వడ్డీ తగ్గింపు ఉంటుంది. వీళ్ల లోన్ దాదాపు పది లక్షలు. అంటే కట్టిన వడ్డీలో నాలుగింట మూడొంతులు రావాలి. వచ్చింది మూడొంతుల్లో ఒకటి కంటే కాస్త ఎక్కువ.

రెండు ఫారం 1098లు పక్కపక్కన పెట్టి చూశాం. మొదటి కంపెనీది: బాక్స్ 1లో వడ్డీ 32,336, బాక్స్ 2లో అసలు 9,97,273. రెండో కంపెనీది: వడ్డీ 32,152, అసలు 9,91,685. బాక్స్ 2 అంటే జనవరి 1 నాటి బాకీ. కానీ ఏడాది మధ్యలో లోన్ చేతులు మారితే, కొత్త కంపెనీ తన చేతికి వచ్చిన రోజు నాటి బాకీ రాస్తుంది. రెండు ఫారాల్లోనూ ఉన్నది ఒకే అప్పు, వేర్వేరు తేదీల్లో. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. రెండూ కలిపి 19,88,958 డాలర్ల అప్పు ఉందనుకుంది. 7,50,000ను దానితో భాగిస్తే 0.377. కట్టిన 64,488 వడ్డీని దానితో గుణిస్తే 24,312.

రెండో ఫారంలో బాక్స్ 11 నింపి ఉంది. లోన్‌ను ఆ కంపెనీ ఆ ఏడాది స్వాధీనం చేసుకున్న తేదీ రాసే చోటు అది. 1098లు రెండు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఆ బాక్స్. అది నిండి ఉంటే లోన్ కొత్తది కాదు, చేతులు మారింది. రీఫైనాన్స్ అయితే వేరే కథ. అక్కడ పాత లోన్ మూసేసి కొత్తది తెరుస్తారు కాబట్టి సగటు వేరేగా తీయాలి. కానీ అక్కడ కూడా సాఫ్ట్‌వేర్‌లు రెండు బ్యాలెన్సులను కలిపేసే ప్రమాదం ఇదే.

దిద్దుబాటులో పనికిరాని దారులు

మొదట తేలిక మార్గం చూశాం: రెండో ఫారంలో బాక్స్ 2ను ఖాళీగా వదిలేయడం. అలా చేస్తే కూడిక ఆగుతుంది గానీ, ప్రోగ్రామ్ జనవరి 1 నాటి 9,97,273నే భాగహారంలో వాడింది. నిష్పత్తి 0.752, వడ్డీ 48,495. ఇది దగ్గరి అంకె, కానీ సరైనది కాదు. చట్టం అడిగేది ఏడాది సగటు బాకీ, ఏడాది మొదటి బాకీ కాదు. తేడా 258 డాలర్లే కదా అని వదిలేస్తే, ఏడాది మధ్యలో పెద్ద మొత్తం అసలు కట్టిన క్లయింట్ విషయంలో అదే అలవాటు వేలకు వేలు పోగొడుతుంది.

పరిమితి లెక్కను పూర్తిగా ఆపేసి వడ్డీని చేత్తో రాయడం ఇంకో దారి. అది మేము వద్దనుకున్నాం. లెక్క ఎలా వచ్చిందో రిటర్న్‌లో కనబడకపోతే మూడేళ్ల తర్వాత ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. పైగా అదే అంకె కాలిఫోర్నియా రిటర్న్‌లోకి కూడా పాకుతుంది.

పనిచేసిన పద్ధతి

రెండు ఫారాలను ఒకే లోన్‌గా ఎంటర్ చేశాం: వడ్డీ 64,488, మొదటి బ్యాలెన్స్ 9,97,273, డిసెంబర్ 31 నాటి బ్యాలెన్స్ 9,85,913. చివరి అంకె 1098లో ఉండదు. సర్వీసింగ్ కంపెనీ ఇచ్చే డిసెంబర్ లేదా జనవరి స్టేట్‌మెంట్ నుంచి తీసుకోవాలి. ఐఆర్ఎస్ సరిపోల్చేది సోషల్ సెక్యూరిటీ నంబర్ కింద వచ్చిన మొత్తం వడ్డీని కాబట్టి రెండూ కలిపి రాసినా తేడా రాదు.

సగటు బాకీ తీయడానికి ఐఆర్ఎస్ పబ్లికేషన్ 936లో మూడు దారులున్నాయి. మొదటి, చివరి బ్యాలెన్సులు కూడి సగం చేయడం ఒకటి. ఏడాదిలో ఆ లోన్ మీద కొత్త అప్పు తీసుకోకుండా, వాయిదాలు సమానంగా, క్రమం తప్పకుండా కట్టి, ఒక నెలకు మించి అసలు ముందే చెల్లించకుండా ఉంటేనే ఇది వాడాలి. కట్టిన వడ్డీని వడ్డీ రేటుతో భాగించడం రెండోది. నెలవారీ బ్యాలెన్సుల సగటు మూడోది. వీళ్లకు మొదటి పద్ధతిలో సగటు 9,91,593 వచ్చింది. రెండో పద్ధతిలో 64,488ని 0.065తో భాగిస్తే 9,92,123. రెండింట్లోనూ నిష్పత్తి మూడు దశాంశాలకు 0.756. రెండు దారుల్లో ఒకే సమాధానం రావడం వల్ల అంకె మీద నమ్మకం కుదిరింది. 64,488ని 0.756తో గుణిస్తే 48,753. ఆ వర్క్‌షీట్‌నూ, డిసెంబర్ స్టేట్‌మెంట్‌నూ ఫైల్లో పెట్టాం.

ఈ ఒక్క సవరణతో డిడక్షన్ 24,441 పెరిగింది. 24 శాతం శ్లాబులో అది 5,866 డాలర్ల పన్ను.

విరాళాలు: 16,500 నుంచి 6,700కి

ఇక్కడ లెక్క ఎదురు తిరిగింది. ఈ భాగం క్లయింట్లకు చెప్పడం కష్టం, ఎందుకంటే డబ్బు నిజంగా ఇచ్చారు, మంచి పనులకే ఇచ్చారు. ఇచ్చామా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎవరికి ఇచ్చాం, ఏ కాగితం ఉంది అన్నదే ప్రశ్న.

తిరుమల దేవస్థానం ట్రస్టుకూ, సొంతూరు బడికీ కలిపి పంపిన 6,000 పూర్తిగా పోయింది. ఇండియాలో 80జి రసీదు ఉన్నా అమెరికా రిటర్న్‌లో దానికి విలువ లేదు. అమెరికాలో ఏర్పడిన అర్హత గల సంస్థకు ఇస్తేనే తగ్గింపు. కెనడా, మెక్సికో, ఇజ్రాయెల్ ఒప్పందాల్లో కొంత మినహాయింపు ఉంది గానీ ఇండియాతో ఉన్న ఒప్పందంలో లేదు. అదే సమయంలో, ఇండియాలో బడులు నడిపే ఒక అమెరికా 501(సి)(3) (పన్ను మినహాయింపు ఉన్న సేవా) సంస్థకు ఇచ్చిన 2,500 నిలిచింది. డబ్బు ఇండియాలోనే ఖర్చవుతుంది, కానీ ఎక్కడ ఎలా ఖర్చు పెట్టాలన్నది ఆ అమెరికా సంస్థే నిర్ణయిస్తుంది. దాత చెప్పిన మనిషికి చేరవేసే గొట్టంలా పనిచేసే సంస్థ అయితే ఇదీ నిలవదు.

ప్రమాదంలో చనిపోయిన ఒక తెలుగు కుర్రాడి కుటుంబానికి ఆన్‌లైన్ నిధి సేకరణలో ఇచ్చిన 1,500 వ్యక్తులకు ఇచ్చిన బహుమతి కిందికి వస్తుంది, తగ్గింపు లేదు. భర్త కంపెనీ మ్యాచింగ్‌గా ఇచ్చిన 1,000 కంపెనీ విరాళం, వీళ్లది కాదు. తెలుగు సంఘం విందు టికెట్లకు ఇచ్చిన 1,000లో భోజనం, కార్యక్రమం విలువ 300 అని సంఘం రసీదులోనే ఉంది, కాబట్టి 700. పాత బట్టలు, సామాన్లకు కొత్తవాటి ధర లెక్కన 1,400 వేశారు. ఫోటోలూ, వస్తువుల జాబితా, రసీదూ ఉన్నవాటికి సెకండ్‌హ్యాండ్ షాపు ధర వేస్తే 400 వచ్చింది.

మిగిలింది ఇక్కడి గుడికి ఇచ్చిన 3,100. ఇందులో 1,900 చిన్న చిన్న అర్చనలు, అభిషేకాలు. ఒక్కోటి 250 లోపే కాబట్టి కార్డు స్టేట్‌మెంట్ చాలు. పూజ చేయించుకోవడం మతపరమైన, వెలకట్టని ప్రయోజనమే కాబట్టి విరాళం విలువ తగ్గించక్కర్లేదు. చిక్కు 1,200తో వచ్చింది. ఒక ఉత్సవానికి ఒకేసారి ఇచ్చిన మొత్తం, చేతిలో ఉన్నది కార్డు స్టేట్‌మెంట్ మాత్రమే. ఒక్కసారిగా 250 లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తప్పనిసరి. ప్రతిఫలంగా వస్తువులు, సేవలు ఏమైనా ఇచ్చారా లేదా, లేక మతపరమైన ప్రయోజనం మాత్రమేనా అన్నది అందులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం: ఆ లేఖ రిటర్న్ ఫైల్ చేసేలోపు, లేదా పొడిగింపుతో కలిపి గడువు తేదీలోపు, రెండిట్లో ఏది ముందైతే అప్పటికి చేతిలో ఉండాలి. ఫైల్ చేశాక తెచ్చుకున్న లేఖ పనికిరాదు. సవరణ రిటర్న్ వేసినా ఆ లోపం పూడదు.

పొడిగింపు ఎందుకు తీసుకున్నాం

1,200 మీద ఫెడరల్, కాలిఫోర్నియా కలిపి పన్ను దాదాపు 400 డాలర్లు. అంతమాత్రానికి పొడిగింపు అవసరమా అని వాళ్లు అడిగారు. ఆ ఒక్కదానికే అయితే అవసరం లేదు. కానీ ఇండియా బ్యాంకుల జనవరి నుంచి డిసెంబర్ వరకు వడ్డీ వివరాలు కూడా రావాల్సి ఉంది. వాళ్ల దగ్గర ఉన్నది ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కగట్టిన టీడీఎస్ సర్టిఫికెట్, అమెరికా లెక్కకు అది సరిపోదు. అందుకే ఏప్రిల్ 15లోపు పొడిగింపు కోరే ఫారం 4868తో పాటు 14,500 కట్టించాం. పొడిగింపు ఫైలింగ్‌కే గానీ చెల్లింపుకు కాదు. కాలిఫోర్నియాకు ఫారం లేకుండానే పొడిగింపు వస్తుంది, కానీ బాకీ అక్కడా ఏప్రిల్ 15కే కట్టాలి. గుడి లేఖ, బ్యాంకు వివరాలు వచ్చాకే రిటర్న్ పంపాం.

ఇండియా వడ్డీ వల్ల పెరిగినది

షెడ్యూల్ ఎకు నేరుగా సంబంధం లేకపోయినా దీన్ని వదిలేస్తే లెక్క అబద్ధం అవుతుంది. ఎన్ఆర్ఈ డిపాజిట్ల (విదేశీ సంపాదనతో ఇండియాలో వేసేవి) వడ్డీ 3,000 డాలర్లకు సమానం. ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకున్నారు. అమెరికా రెసిడెంటుకు అది మామూలు వడ్డీయే, పూర్తిగా పన్ను పడుతుంది. ఎన్ఆర్ఓ ఖాతా (ఇండియా ఆదాయం జమయ్యేది) వడ్డీ మరో 3,000. దాని మీద 31.2 శాతం టీడీఎస్ కట్ అయింది, అంటే 936. కానీ రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ వడ్డీ మీద ఇండియా తీసుకోగలిగేది 15 శాతం. అమెరికాలో క్రెడిట్ అంతవరకే, అంటే 450. మిగతాది ఇండియాలో రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవాలి. జంటకు 600 డాలర్ల వరకు విదేశీ పన్ను క్రెడిట్ ఫారం 1116 లేకుండా క్రెడిట్ తీసుకునే వీలుంది గానీ, అది 1099 వంటి స్టేట్‌మెంట్ మీద వచ్చిన ఆదాయానికే. ఇండియా బ్యాంకు 1099 ఇవ్వదు. కాబట్టి 1116 నింపాం.

ఖాతాల గరిష్ఠ మొత్తం 90,000 డాలర్ల దాకా ఉంది. విదేశీ బ్యాంకు ఖాతాలను తెలియజేసే ఎఫ్‌బార్ పరిమితి 10,000 కాబట్టి అది ఫైల్ చేయాలి. విదేశీ ఆస్తులు చూపే ఫారం 8938కి జంట పరిమితి ఏడాది చివర్లో 1,00,000, మధ్యలో ఎప్పుడైనా 1,50,000. అది అవసరం పడలేదు. పాత ఏళ్లలో వదిలేసిన వడ్డీని విడిగా సరిదిద్దాం, అది వేరే కేసంత పని.

వైద్య ఖర్చు మీద ఎక్కువసేపు ఆగలేదు. ఆదాయంలో 7.5 శాతం దాటితేనే లెక్కకు వస్తుంది, వీళ్లకు అది 29,130. పైగా ఆ 9,000 విజిటర్ వీసా మీద వచ్చిన తల్లి చికిత్స బిల్లు. ఆమె అమెరికా పౌరురాలు కాదు, రెసిడెంట్ కాదు కాబట్టి డిపెండెంట్‌గా లెక్కించే అవకాశమే లేదు.

ఫెడరల్ తుది లెక్క

స్థూల ఆదాయం 3,88,400. ఐటమైజ్డ్ డిడక్షన్లు 10,000, 48,753, 6,700 కలిపి 65,453. స్టాండర్డ్ డిడక్షన్ 29,200. పన్ను పడే ఆదాయం 3,22,947, దాని మీద పన్ను 63,592. అదనపు మెడికేర్ పన్ను 1,584. పెట్టుబడి ఆదాయం మీద 3.8 శాతం లెక్కన 319. విదేశీ పన్ను క్రెడిట్ 450 తీసేస్తే మొత్తం 65,045. జీతాల నుంచి కట్ అయినది, మెడికేర్ అదనంతో కలిపి 51,306. బాకీ 13,739.

డ్రాఫ్ట్‌లో 16,035 ఉండేది. వడ్డీ దిద్దడం వల్ల 5,866 తగ్గింది, విరాళాల వల్ల 2,352 పెరిగింది, ఇండియా వడ్డీ వల్ల క్రెడిట్ పోను 1,218 పెరిగింది. మొత్తానికి 2,296 తగ్గింది. డ్రాఫ్ట్‌ను అలాగే ఫైల్ చేసి ఉంటే తప్పుడు విరాళాలకు ప్రశ్నలు ఎదుర్కొనేవాళ్లు, దానికి తోడు రావాల్సిన వడ్డీ తగ్గింపు కూడా పోయేది.

కాలిఫోర్నియా: ఇక్కడే మరో మూడు వేలు

చాలామంది ఫెడరల్ అయిపోగానే రాష్ట్రం రిటర్న్ దానంతట అదే సరిగ్గా వస్తుందనుకుంటారు. కాలిఫోర్నియా 2017 నాటి ఫెడరల్ మార్పులను చాలావరకు అనుసరించలేదు. లోన్ పరిమితి ఇక్కడ ఇంకా 10 లక్షలే. వీళ్ల సగటు బాకీ దానికి లోపలే కాబట్టి 64,488 వడ్డీ మొత్తం వస్తుంది. ఫెడరల్ అంకెకూ దీనికీ ఉన్న 15,735 తేడాను రాష్ట్ర రిటర్న్‌లో సవరణలు రాసే షెడ్యూల్ సిఏలో కలపాలి. రాష్ట్ర ఆదాయపు పన్ను, ఎస్‌డిఐ (జీతం నుంచి కట్ అయ్యే రాష్ట్ర వైకల్య బీమా) రాష్ట్ర రిటర్న్‌లో తీసేయాలి, కానీ ఆస్తి పన్నుకు 10,000 పరిమితి లేదు.

అందుకే ఫెడరల్‌లో అక్కర్లేని ఆస్తి పన్ను వివరాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. 1098లలో ఇంపౌండ్ ఖాతా (ఆస్తి పన్ను కోసం లోన్ కంపెనీ వాయిదాతో పాటు తీసుకుని దాచే ఖాతా) నుంచి కట్టినది 14,500 అని ఉంది. కౌంటీ బిల్లులు తెప్పించి చూస్తే అందులో 2,400 మెల్లో-రూస్ వంటి ప్రత్యేక వసూళ్లు, ఆస్తి విలువ మీద వేసినవి కావు, తగ్గింపు లేదు. మిగిలింది 12,100. మరోవైపు ఇల్లు కొన్నాక విలువ తిరగ్గట్టి కౌంటీ పంపిన సప్లిమెంటల్ బిల్లు 5,800 వాళ్లే నేరుగా కట్టారు. సప్లిమెంటల్ బిల్లు సాధారణంగా ఇంటి యజమానికే వస్తుంది, ఇంపౌండ్ ఖాతా దాన్ని కట్టదు, 1098లో కనబడదు. ఇల్లు కొన్న మొదటి రెండేళ్లు ప్రతి కాలిఫోర్నియా క్లయింటునూ ఈ బిల్లు గురించి ప్రత్యేకంగా అడగాలి. రెండూ కలిపి 17,900.

రాష్ట్ర ఐటమైజ్డ్ మొత్తం 17,900, 64,488, 6,700 కలిపి 89,088. డ్రాఫ్ట్‌లో 55,312 ఉంది. 9.3 శాతం శ్లాబులో ఆ తేడా విలువ 3,141. ఇండియా వడ్డీ వల్ల 558 పెరిగింది, కాలిఫోర్నియా విదేశీ పన్నుకు క్రెడిట్ ఇవ్వదు. నికరంగా 2,583 మిగిలింది.

బాకీ అసలు ఎందుకు వచ్చింది

వాళ్ల మొదటి ప్రశ్నకు జవాబు షెడ్యూల్ ఎలో లేదు, డబ్ల్యూ-4లో (జీతం నుంచి ఎంత పన్ను కట్ చేయాలో కంపెనీకి చెప్పే ఫారం) ఉంది. ఇద్దరూ 'మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ' అని రాసి, రెండో స్టెప్‌లో ఇద్దరికీ ఉద్యోగాలున్నాయని చెప్పే బాక్స్ టిక్ చేయలేదు. అప్పుడు ప్రతి కంపెనీ ఆ ఇంట్లో తామిచ్చే జీతం ఒక్కటే ఉందనుకుంటుంది. 29,200 డిడక్షన్‌నూ, 10, 12 శాతం శ్లాబులనూ రెండుసార్లు లెక్కలోకి తీసుకుంటుంది. మెడికేర్ అదనం కూడా అంతే: ఒక్కో కంపెనీ 2,00,000 దాటితేనే కట్ చేస్తుంది, జంట పరిమితి మాత్రం 2,50,000. కట్ అయినది ఆ ఏడాది పన్నులో 90 శాతానికి గానీ, ముందటి ఏడాది పన్నుకు 110 శాతానికి గానీ చేరలేదు. అందుకని ఫారం 2210 కింద నాలుగు వందల లోపు జరిమానా పడింది.

సరిచేయడం ఇలా. ఇద్దరూ రెండో స్టెప్‌లోని బాక్స్ టిక్ చేయాలి. ఒక్కరే చేస్తే పూర్తి ఫలితం రాదు. 2024 అంకెలతోనే చూస్తే అప్పుడు మెడికేర్ అదనం కాకుండానే 69,377 కట్ అవుతుంది, అంటే ఎక్కువ. కాబట్టి ఎక్కువ జీతం ఉన్నవారి డబ్ల్యూ-4లో మాత్రమే 4(బి)లో డిడక్షన్లు చూపాలి. పుస్తకం ప్రకారం స్టాండర్డ్ కంటే ఎక్కువైన 36,253 అక్కడ రాయాలి. అలా రాస్తే 4,000 తక్కువ పడుతుంది, ఎందుకంటే వడ్డీ ఆదాయం, మెడికేర్ అదనం, ఆర్ఎస్‌యూల మీద 22 శాతమే కట్ అవడం అందులో లేవు. 4,026ని 0.24తో భాగించి 36,253 నుంచి తీసేస్తే 19,500 దాకా వస్తుంది. ఆ అంకె రాయించాం.

2025 కోసం ముందుగా తీసుకున్న నిర్ణయాలు

2025 జూలై 4న సంతకమైన చట్టం రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితిని ఆ ఏడాదికి 40,000 చేసింది, ఆదాయం 5 లక్షలు దాటితే తగ్గుతూ పోతుంది. వీళ్లకు రాష్ట్ర పన్ను, ఎస్‌డిఐ, ఆస్తి పన్ను కలిపి ఆ 40,000 దాటిపోతుంది, కాబట్టి పూర్తి మొత్తం వస్తుంది. 30,000 అదనపు డిడక్షన్ అంటే 7,200 పన్ను. 4(బి)ని మళ్లీ లెక్కించి పెంచాం. ఫిబ్రవరిలో కట్టాల్సిన ఆస్తి పన్నును డిసెంబర్‌లోనే కట్టేద్దామన్నారు. పరిమితి ఎలాగూ దాటుతోంది కాబట్టి ఫెడరల్‌కు దానివల్ల లాభం లేదని వద్దన్నాం.

విరాళాలను రెండేళ్లవి ఒకేసారి ఇవ్వడం అనే సలహా అందరికీ ఇస్తుంటారు. అది స్టాండర్డ్ డిడక్షన్‌కు అటూఇటూగా ఉండేవాళ్లకు పనికొస్తుంది. వీళ్ల వడ్డీ, పన్నులే స్టాండర్డ్‌ను ఎప్పుడో దాటాయి కాబట్టి ప్రతి విరాళం డాలరూ ఏ ఏడాదైనా పూర్తిగా లెక్కకొస్తుంది. అందుకే 2024 వరకు ఆ సలహా ఇవ్వలేదు. 2026 నుంచి మాత్రం ఐటమైజ్ చేసేవాళ్లకు ఆదాయంలో 0.5 శాతం దాటిన విరాళాలే లెక్కకు వస్తాయి. వీళ్లకు అది ఏటా 1,942. అందుకని 2026లో ఇవ్వాలనుకున్నదాన్ని 2025లోనే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో (ముందు డబ్బు వేసి, ఏ సంస్థకు చేరాలో తర్వాత సూచించే విరాళ నిధి) వేయమన్నాం. నగదు కాకుండా, వెస్ట్ అయ్యి (పూర్తిగా సొంతమై) ఏడాది దాటిన, లాభంలో ఉన్న ఆర్ఎస్‌యూ షేర్లు ఇస్తే ఆ రోజు మార్కెట్ విలువంతా డిడక్షన్ అవుతుంది. లాభం మీద పడే 15 శాతం, 3.8 శాతం, కాలిఫోర్నియా 9.3 శాతం ఏవీ ఉండవు. పరిమితి ఆదాయంలో 30 శాతం, వీళ్లు దాని దగ్గరికి కూడా రారు.

షేర్లు ఇచ్చేటప్పుడు బ్రోకర్‌కు ఏ లాట్ (ఏ విడత షేర్లు) పంపాలో వెస్ట్ తేదీతో సహా రాసి ఇవ్వాలి, లేకపోతే మొన్న మొన్న వెస్ట్ అయినవి వెళ్లే ప్రమాదం ఉంది. అవి వెళ్తే వెస్ట్ అయిన రోజు విలువ వరకే డిడక్షన్. బదిలీ డిసెంబర్ 31లోపు ఫండ్ ఖాతాలో పడాలి, అందుకే నెల మొదట్లోనే పంపించాం. 500 దాటితే నగదు కాని విరాళాలు చూపే ఫారం 8283 సెక్షన్ ఎ నింపాలి. మార్కెట్లో ట్రేడయ్యే షేర్లకు అప్రైజల్ అక్కర్లేదు. ఫండ్ ఇచ్చే ధ్రువీకరణలో ఆ ఆస్తి మీద పూర్తి చట్టబద్ధ అధికారం తమదేనన్న వాక్యం ఉండి తీరాలి. అది లేని లేఖ వస్తే రిటర్న్ పంపేముందే వెనక్కి పంపి మళ్లీ తెప్పించుకోవాలి.